కాస్త టీ ఇస్తావా నాయనా

సత్యకుమారి సిస్టర్‌కి ఒకటే జబ్బు. ఎవరి గడప తొక్కినా టీ అడుగుతారు. పిలిస్తే వెళ్ళి అడిగారంటే సరే అనుకోవచ్చు. ఆవిడది ఎప్పుడూ పిలవని పేరంటమే. బహ్రెయిన్‌లో తెలుగువాళ్ళుండే గదుల్లో ఆవిడ టీ తాగని గది ఏదైనా ఉందంటే, ఆ బిల్డింగు ఇంకా కట్టలేదని అర్థం.

మొహమాటం అనేది దేవుడు ఆవిడకి పెట్టలేదు. అమ్వాజ్‌లో పైపులు బాగుచేసే గణపతి ఎదురైతే, "మీ గదెక్కడ? కాస్త టీ ఇస్తావా నాయనా?" జుఫైర్‌లో ఒకరింట్లో పనిచేసే లోవమ్మ కూరల సంచితో కనబడితే, "లోవమ్మా, నీ చేతి టీ తాగి ఎన్నాళ్ళయిందే!" లోవమ్మ చేతి టీ ఆవిడ అంతకుముందు ఎన్నడూ తాగలేదు. ఆ సంగతి లోవమ్మకీ తెలుసు. కానీ అంత ప్రేమగా అడిగాక లేదనడానికి నోరెలా వస్తుంది? సంచి దింపీ దింపకముందే గిన్నె పొయ్యెక్కుతుంది.

ఆవిడది రాజోలు దగ్గర పల్లెటూరు. నర్సుగా ఇక్కడికొచ్చి ఇక్కడే జుట్టు నెరిసింది. ఇప్పుడు మనామాలో ఒక క్లినిక్కులో కొత్త నర్సులకు బయటి డ్యూటీ నేర్పుతారు. రోగం పుట్టే చోటికి వెళ్ళి చూడటమే బయటి డ్యూటీ. జనం తాగే నీళ్ళు, పీల్చే గాలి, పడుకునే గది, వంట చేసుకునే మూల, నెత్తిన కాసే ఎండ, ఇవన్నీ చూడాలి. చూసి, ఒకరికి వచ్చిన జబ్బు పదిమందికి పాకకుండా ఆపాలి.

లక్ష్మిప్రసన్న ఆ డ్యూటీకి కొత్తగా చేరింది. కాకినాడలో నర్సింగు చదివింది. పర్యావరణ ఆరోగ్యం పాఠం నిద్రలో లేపి అడిగినా పొల్లు పోకుండా అప్పజెప్పే పిల్ల. చేరిన వారానికే ఆ పిల్లకు పెద్ద అనుమానం వచ్చింది. తను ఇంతదూరం వచ్చింది ప్రజారోగ్యం నేర్చుకోవడానికా, సిస్టర్ వెంట తిరిగి టీలు తాగడానికా?

ఆ అనుమానం వ్యాను డ్రైవరు అమ్మిరాజు దగ్గర బయటపెట్టింది.

"పొద్దున్నుంచీ తిరుగుతున్నాం అమ్మిరాజు గారూ. వెళ్ళిన చోటల్లా టీ. అసలు పాఠం ఎప్పుడు మొదలవుద్దండీ?"

"ఆయ్, నాకేం తెలుస్తాదండీ? బండి తోలుకునేవోణ్ణి. ఒకటి మాత్రం చెప్తానండి. ఈ బండి పెట్రోలు మీద కంటే టీ మీదే ఎక్కువ నడుస్తాదండి."

సిస్టర్‌కి ఇంకో అలవాటు కూడా ఉంది. టీ తాగి బండెక్కగానే సంచిలోంచి తెల్లటి బిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకుని చప్పరిస్తారు. గుప్పుమని పుదీనా వాసన వస్తుంది. పక్కనొక మనిషి కూర్చుందన్న ధ్యాసే ఉండదు. ఊరందరి చేతా టీలు పెట్టించుకునే మనిషికి పక్కనున్న పిల్లకు పిప్పరమెంటు బిళ్ళ పెట్టడానికి చెయ్యి రాదా అని ప్రసన్న లోలోపల ఉడుక్కునేది.

ఓసారి ప్రసన్న పట్టుబట్టింది. "ఈసారి పద్ధతి ప్రకారం వెళ్దాం సిస్టర్. ముందుగా చెప్పి, బ్యాడ్జీ పెట్టుకుని, వరసగా అన్నీ చూద్దాం." సిస్టర్ అడ్డు చెప్పలేదు. అమ్వాజ్‌లో గణపతి వాళ్ళ గదిలో వారం రోజులుగా అందరికీ విరేచనాలు. తనిఖీకి వస్తున్నామని కబురు పెట్టి మరీ వెళ్ళారు. గది అద్దంలా ఉంది. ఫినాయిలు వాసన వీధి చివరికే తగిలింది. మనుషులు కూడా తలలు దువ్వుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు.

"తాగే నీళ్ళు?"

"కొన్న బాటిళ్ళేనండి."

"వంట?"

"శుభ్రంగానండి."

అంతా బ్రహ్మాండంగా ఉందని ప్రసన్న తేల్చేసింది. విరేచనాలకు మాత్రం ఆ సంగతి తెలియక అవి ఆగలేదు.

రెండ్రోజులు పోయాక సిస్టర్ చెప్పాపెట్టకుండా ఆ గది తలుపు కొట్టారు. "ఇటు పనుండి వచ్చాను గణపతీ. కాస్త టీ ఇస్తావా నాయనా?" గణపతి మొహం చేటంతయింది. పరుగున వెళ్ళి మంచం కింద నుంచి మూతలేని డ్రమ్ము ఒకటి బయటికి లాగి, చెయ్యి మోచేతి దాకా ముంచి నీళ్ళు తీశాడు. ఊరందరి పైపులూ బాగుచేసే మనిషి ఇంట్లో నీళ్ళ సంగతి అదీ.

"ఈ నీళ్ళే తాగుతారా నాయనా?"

"ఆయ్, అవేనండి. బాటిళ్ళు తనిఖీ రోజున తెచ్చామండి."

సిస్టర్ నీళ్ళు బాగా మరిగాయని చూసుకుని టీ తాగారు. తాగుతూ డ్రమ్ముకు మూత, ముంచడానికి పొడుగు కాడ ఉన్న గరిటె, నీళ్ళు కాచుకునే సంగతి మాటల్లో చెప్పేశారు. వారంలో విరేచనాలు తగ్గాయి. కాకతాళీయంలే అనుకుంది ప్రసన్న. ముందు బెంచీ పిల్లలకు ఒక పట్టాన ఏదీ ఎక్కదు.

జనవరి వచ్చింది. చలికాలంలో సఖీర్ ఎడారిలో ఇక్కడి కుటుంబాలు గుడారాలు వేసుకుని సెలవులు గడుపుతాయి. ఆ గుడారాలకు పగటి కాపలా ఉండేవాడు ముత్తన్న. జగిత్యాల వైపు మనిషి. వారం పది రోజుల్లో మూడోసారి తలనొప్పి, వాంతులు అంటూ క్లినిక్కుకు వచ్చాడు. వెంట సూపర్‌వైజర్ దేవేందర్ కూడా వచ్చాడు. ఆయనదీ అటువైపే. ప్రసన్న జ్వరం చూసింది, బీపీ చూసింది, వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసింది. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఆమె చూడటం అయ్యేసరికి ముత్తన్న కూడా భేషుగ్గానే ఉన్నాడు.

"చూసిండ్రా సిస్టర్?" అన్నాడు దేవేందర్. "పొద్దుగాల సావొచ్చినట్టు జేస్తడు. పది కొట్టంగనె బువ్వ అడుగుతడు. అన్ని నాటకాలు. ఇంకోపారి సిక్కు లీవు అన్నడనుకో, టికెట్ గొట్టి ఇంటికి తోలుడే."

"అట్లనకు దేవేందరన్నా," అన్నాడు ముత్తన్న బతిమాలుతున్నట్టు. "అబద్దమాడితె నాకేమొస్తది? ఇంటికివోతె ఏం దినాలె? నిద్రలేవంగనె తలకాయ పలుగుతది. బయట జరసేపు తిరిగితె నయమైతది."

"గదే నేను జెప్పేది! డ్యూటీ ఎగ్గొట్టంగనె నయమైతది."

నిజం చెప్పాలంటే ప్రసన్నకు కూడా దేవేందర్ మాటే నమ్మబుద్ధయింది. తలనొప్పి మాత్రలు చేతిలో పోసి పంపబోతుంటే, వెనక నుంచి సత్యకుమారి సిస్టర్ గొంతు వినబడింది.

"ముత్తన్నా, నీ క్యాబిన్ దాకా వస్తే కాస్త టీ ఇస్తావా నాయనా?"

ప్రసన్నకు తల కొట్టేసినట్టయింది. మనిషి ఉద్యోగం ఊడేలా ఉంటే ఈవిడకి టీ కావాలా! ముత్తన్న మొహం మాత్రం అప్పటిదాకా రోగమే లేనట్టు వెలిగింది. "చాయ్‌కేం కరువు సిస్టరమ్మా! ఇయ్యాల్నే రాండ్రి."

సాయంత్రం సఖీర్ చేరేసరికి చలిగాలి ఈడ్చి కొడుతోంది. ముత్తన్న ఉండేది ఇనప రేకుల క్యాబిన్, ఒక మంచం పట్టేంత. లోపలికి తీసుకెళ్ళి తన పనితనం చూపించాడు. కిటికీ సందుల్లో స్పాంజి కుక్కాడు. తలుపు కింద గోనెపట్టా దోపాడు.

"దుమ్ము గాదు, చీమ గూడ లోపలికి రాదు," అన్నాడు గర్వంగా.

తర్వాత మూలనున్న నెయ్యి డబ్బా ముందుకు లాగాడు. దానికి చుట్టూ చిల్లులు పొడిచి ఉన్నాయి, లోపల బొగ్గులు. "అరబోళ్ళు మాంసం గాల్చుకొని పోయినంక మస్తు బొగ్గులు మిగుల్తయి. పారేసుడెందుకని తెచ్చుకుంట. మాయమ్మ అంజవ్వ ఊర్ల చలికాలం గిట్లనే కుంపటి వెట్టేది. దీని మీద చాయ్ వెట్టుకుంట, తాగి తలుపేసుకుంట, తెల్లారెదాక యెచ్చగ నిద్ర." అని నిప్పు రాజేసి, తలుపు దగ్గరగా వేసి, గిన్నె పెట్టాడు.

నిద్రలో లేపి అడిగినా ప్రసన్న అప్పజెప్పే పాఠం కళ్ళెదుట ఎర్రగా రాజుకుంటోంది. ఇలాంటి మనిషికి తను మాత్రలిచ్చి, మళ్ళీ ఈ పెట్టెలో పడుకోవడానికి పంపబోయింది. "ముత్తన్నా, నిబంధనల ప్రకారం ఇది..." అని నోరు తెరిచేసరికి సిస్టర్ మోచేత్తో ఒక పోటు పొడిచారు.

"నాయనా, నాకెందుకో ఉక్కగా ఉంది," అన్నారు సిస్టర్. "ఆ కుంపటి బయట పెట్టు. ఆరుబయట తాగుదాం. తలుపు బార్లా తీసే ఉంచు."

ఎడారి గాలికి శాలువా ఎగిరిపోతుంటే, పళ్ళు టకటకలాడుతుంటే, ఉక్కగా ఉందన్న మనిషి గ్లాసు పట్టుకుని కుంపటి పక్కన కూర్చున్నారు. "ఆయ్, మా చెడ్డ ఉక్కండి," అన్నాడు అమ్మిరాజు మఫ్లరు చెవుల మీదికి లాక్కుంటూ.

"మీ అమ్మగారి ఇల్లు పెంకుటిల్లా ముత్తన్నా?"

"పెంకుటిల్లే సిస్టరమ్మా."

"పెంకుల సందుల్లోంచి గాలాడేదా?"

"గాలేంది, వానొస్తె నీళ్ళు గూడ ఆడేటియి."

"అందుకే ఆవిడ కుంపటి ఎవర్నీ ఏం చెయ్యలేదు. ఇది ఇనప పెట్టె. బొగ్గులోంచి విషగాలి వస్తుంది నాయనా. దానికి రంగు లేదు, వాసన లేదు. నువ్వేమో సందులన్నీ మూసి దాన్ని రాత్రంతా పీలుస్తున్నావు. పొద్దున్న నీ తల పగిలేది అందుకే. బయటికొస్తే తగ్గేదీ అందుకే. ఏదో ఒకరోజు బొగ్గులు రెండు ఎక్కువ పడ్డాయనుకో, ఇక లేవవు."

ముత్తన్న గ్లాసు కింద పెట్టేసి కుంపటికి దూరంగా జరిగాడు. "మరి వేలికి క్లిప్పు పెడితే బాగానే ఉందండి సిస్టర్," అంది ప్రసన్న ఇంకా నమ్మలేక.

"ఆ క్లిప్పుకి ఈ విషగాలి పట్టిన రక్తానికీ మంచి రక్తానికీ తేడా తెలీదమ్మా. రక్తపరీక్షే చెప్పాలి." గ్లాసు అడుగుదాకా తాగి లేచారు. "పద ముత్తన్నా, ఇప్పుడే పెద్దాసుపత్రికి. అమ్మిరాజూ, యల్లా, బండి తియ్యి!"

రక్తపరీక్ష సిస్టర్ మాటే చెప్పింది. ముత్తన్నకు ఆక్సిజన్ పెట్టారు. మర్నాటికి తేరుకున్నాడు. ఇక మిగిలింది దేవేందర్. క్యాబిన్‌లో నిప్పు పెట్టినవాణ్ణి పనిలోంచి తీసేయాలని కంపెనీ రూలు. కాబట్టి రోగం నాటకం కాదని తేలినా ముత్తన్నకు టికెట్ తప్పేలా లేదు.

సిస్టర్ దేవేందర్ గదికి వెళ్ళారు. ఏం అడిగారో చెప్పక్కర్లేదు. రెండో గ్లాసు తాగుతూ, "నీ మనిషి చావు తప్పించుకుని వచ్చాడు నాయనా. శవాన్ని పంపించే టికెట్ కొట్టాల్సొచ్చేది. చలికి ఓర్చుకోలేక చేసిన పనిది. నీ గదిలో కరెంటు హీటరుంది కదా, వాళ్ళకెందుకు లేదు?" అన్నారు.

దేవేందర్ తలొంచుకుని, "నాకెర్కలేదు సిస్టర్. వాణ్ని మస్తు మాటలన్న," అన్నాడు. ఆ వారంలో కాపలావాళ్ళ క్యాబిన్లన్నింటికీ హీటర్లు వచ్చాయి, కిటికీల్లో స్పాంజి పోయింది. టికెట్ మాట మళ్ళీ రాలేదు. అన్నీ సరిగ్గా పెట్టారో లేదో చూడటానికి సిస్టర్, ప్రసన్న క్యాబిన్ క్యాబిన్‌కీ వెళ్ళి టీ తాగారు.

తిరిగొస్తుంటే సిస్టర్ పొట్ట పట్టుకుని సీట్లో ముడుచుకుపోయారు. "సంచిలో బిళ్ళ ఇయ్యమ్మా ప్రసన్నా." ప్రసన్న తీసి చూస్తే అది పిప్పరమెంటు కాదు. కడుపులో మంటకు చప్పరించే మందుబిళ్ళ.

"ఇదేంటి సిస్టర్?"

"నాకు టీ పడదమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే. మా ఇంట్లో టీపొడే ఉండదు."

"మరి ఎందుకు తాగుతారండీ!"

"తనిఖీకొచ్చామంటే పని పోతుందేమోనని భయపడి అన్నీ దాస్తారు. చుట్టం టీ అడిగిందనుకో, పాపం, వంటిల్లంతా తెరిచి చూపిస్తారు. చూపించినవాడు మన ముందు తప్పు చేసినవాడిలా నిలబడకూడదు, మనకి పెట్టినవాడిలా కూర్చోవాలి. అడిగి పెట్టించుకుని తాగకపోతే బాధపడరూ?"

"మీకు ముందే తెలుసా?" అని ప్రసన్న అమ్మిరాజు మీదికి వెళ్ళింది.

"ఆయ్, తెలుసండి. మీరడగలేదు కదండి. అడగందే అమ్మైనా పెట్టదంటారండి."

కథ ఇక్కడితో అయితే సిస్టర్ కడుపు చల్లగా ఉండేది. ముత్తన్న ఊరుకుంటాడా? ప్రాణం నిలబెట్టిన మనిషికి టీ అంటే ప్రాణమని బహ్రెయిన్ అంతా తెలుసు. మరుసటి శుక్రవారం పెద్ద ఫ్లాస్కుతో క్లినిక్కుకు దిగాడు. డబ్బా పాలు, రెండింతల చక్కెర, నాలుకకి అంటుకునేంత చిక్కటి చాయ్. "సిస్టరమ్మా, ఇగ నేను బతికినన్నిదినాలు ప్రతి సుక్కురారం మీకు నా చాయ్!"

సత్యకుమారి సిస్టర్ నవ్వుతూనే ఉన్నారు కానీ మొహంలో రంగు దిగింది. ముత్తన్న గ్లాసు నిండా పోశాడు. ఎదురుగా నిలబడి, తాగేదాకా కదిలేలా లేడు.

అప్పుడు లక్ష్మిప్రసన్న చెయ్యి చాపింది. పొద్దున్న నుంచి వాళ్ళ గదీ వీళ్ళ గదీ తిరిగి అప్పటికే కడుపు నిండా టీలతో ఉంది.

"సిస్టర్ వాటా ఇవాళ నాకు కావాలి ముత్తన్నా. పోయినసారి నీ చాయ్ రుచి మరిచిపోలేకపోతున్నా. కాస్త ఇస్తావా?"

"గట్లనా సెల్లే! తాగు, తాగు, ఇంకింత పోస్త." ముత్తన్న పొంగిపోయి ఇంకో గ్లాసు నింపాడు. ప్రసన్న రెండూ తాగింది. మధ్యలో ఎక్కడా మొహం చిట్లించలేదు. ముత్తన్న ఈలవేసుకుంటూ ఖాళీ ఫ్లాస్కు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను గేటు దాటేదాకా చూసి, సత్యకుమారి సిస్టర్ సంచి తెరిచారు. ఒక బిళ్ళ తీసి తను వేసుకోలేదు. ప్రసన్న అరచేతిలో పెట్టారు.

"ఇంద. రేపట్నించి బయటి డ్యూటీకి ఒక్కదానివే వెళ్ళొచ్చు," అన్నారు.