అమ్మ అసలు ఫోటో

ఫోటో స్టూడియో ముందు గది అక్కది, వెనక గది తమ్ముడిది. ఆమె ఫోటోలు తీస్తుంది. వాటిని చెడకుండా చిన్నవీ పెద్దవీ చేసే ప్రోగ్రాం అతను రాస్తున్నాడు. ఏ పనీ రెండుసార్లు తడిమి చూడందే వదలడని అమ్మ అతన్ని నత్త అనేది. ఆమె పోయాక ఆ పిలుపు అక్కకు సంక్రమించింది.

ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి అతను అమ్మ ఫోటోనే వాడేవాడు. కెమెరా ఎత్తితే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి ఆమె. ఒక్కసారి మాత్రం దేనికో పగలబడి నవ్వుతూ అక్క ఫోనుకు దొరికిపోయింది. కనుబొమ మీది పాత గాటు కూడా తెలిసే ఫోటో. ఆ ఫోను నీళ్లలో పడి పోయింది. ఫోటో ఇక ఈ కంప్యూటర్‌లోనే ఉంది.

"ఒరేయ్ నత్తా, అమ్మ ఫోటో గోడంత చేసివ్వరా" అంది అక్క ఆ మధ్యాహ్నం తలుపులోంచి తొంగిచూసి.

అతను తెర మీద ఫోటో ఉన్న చట్రం మూల పట్టి లాగాడు. ఫోటో చిన్నదయింది. మళ్లీ పెద్దది చేస్తే ముఖం ఆవిరి పట్టిన అద్దంలోలా మసకేసింది. ఇంకోసారి లాగితే కళ్లు కూడా చెదిరిపోయాయి. తప్పు అర్థమైంది: ప్రోగ్రాం ప్రతిసారీ అసలు ఫోటోను కాక, అప్పటికే కుదించినదాన్నే సాగదీస్తోంది. సరిచేద్దామనుకుంటూ ఫోల్డర్‌లోని అసలు ఫోటో ఫైలు తెరిచాడు. అక్కడా అదే మసక. కొలత మారినప్పుడల్లా అదే పేరుతో, అసలుదాని మీదే సేవ్ చెయ్యమని పొద్దున రాసింది తనే.

గబుక్కున మౌస్ మీంచి చెయ్యి తీశాడు.

"ఏంట్రా, ఉలుకూ పలుకూ లేదు?"

"ఏం లేదక్కా. నువ్వు దేన్నీ ముట్టుకోకు."

ఒక్క ఆశ మిగిలింది. ఇంకా పూర్తికాని 'వెనక్కి' బటన్ కోసం, తెరవగానే మొదటి ఫోటోను ప్రోగ్రాం తన మెమరీలో దాచుకునేలా రాశాడు. అది అక్కడ ఉండాలి. ప్రోగ్రాం మూతపడితే మాత్రం పోయినట్టే. మూయకుండా మధ్యలో నిలబెట్టి, దాచిన ఫోటోను కొత్త పేరుతో సేవ్ చెయ్యమని ఒక్క వరుస రాయాలి. రాసి, చెరిపి, మళ్లీ రాశాడు.

ముందు గదిలో ఎవరో వచ్చిన అలికిడి.

"లైట్లు వేస్తున్నానురా" అంది అక్క. ఫోటోలకు వాడే ఆ పెద్ద లైట్లు వేస్తే అప్పుడప్పుడూ ఫ్యూజు ఎగిరిపోయి కంప్యూటర్ కూడా ఆగిపోతుంది.

"వెయ్యకు." తెర మీంచి చూపు తిప్పలేదు. "అమ్మ ఫోటో పోతుంది."

"కాసేపు కూర్చోండి" అని ఆమె మెల్లగా ఎవరికో చెప్పడం వినిపించింది.

అతను మీట నొక్కాడు. కొత్త ఫైలు కనిపించింది. తెరుస్తూనే భయమేసి కళ్లు మూసుకున్నాడు.

"గాటు ఉందిరా" అంది వీపు వెనక అక్క. ఎప్పుడు వచ్చి నిలబడిందో.

అతను కళ్లు తెరిచాడు.

"గోడంత కుదరదక్కా. కిటికీ అంత చెయ్యగలను. అంతకు మించితే అమ్మ ఉండదు, నా ప్రోగ్రాం ఊహించిన మనిషెవరో ఉంటుంది."

"కిటికీ అంత చాల్లే. ఇంకా పెద్దది పెడితే మళ్లీ చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది." ఆమె ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు లైట్లు వేసుకోనా?"

"ఆగు. ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టనీ."