కొండ మీద ఆగిన వరుస

గుడ్‌లౌగ్‌కి ఒకరిని సాయం అడగడమంటే చచ్చేంత సిగ్గు. చేపల ఫ్యాక్టరీలో కోసి కోసి వేళ్ళు వంకర్లు పోయినా, బుట్టకి ఓ చెయ్యి వెయ్యమని పక్కవాళ్ళని పిలిచిన పాపాన పోలేదు. నార్వే ఉత్తరపు కొసన, ఆ సముద్రపు ఒడ్డు ఊళ్ళలో చాలామంది అంతే. ఆమె ఇంకాస్త ఎక్కువ.

అలాంటి మనిషి ఒక్కసారి మాత్రం నోరు విప్పింది. ప్రభుత్వం కరెంటు కార్ల మీద పన్ను ఎత్తేసి, చార్జింగ్ పాయింట్లకి డబ్బిస్తానన్నప్పుడు ఊరి సభలో లేచి నిలబడి, "మన కొండకి అటూ ఇటూ కూడా కావాలి" అంది. ఊళ్ళో మొదటి కరెంటు కారు కూడా ఆమే కొంది. కొట్టు దగ్గర కాఫీ తాగే బ్యార్నే అప్పట్నుంచీ ఆమెని ఆటపట్టించకుండా వదల్లేదు.

"ఏం గుడ్‌లౌగ్, మంచులో ఆగిపోతే రెయిన్‌డీర్లని కట్టి లాగిస్తావా?"

"నిన్నే కడతాలే. ఊరికే తిని కూర్చుంటున్నావుగా."

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం పక్క సీట్లో ఆమె భర్త యాల్మర్ ఉన్నాడు. న్యుమోనియాతో కొండ అవతల ఆస్పత్రిలో పడుకుని, ఆ పొద్దునే బయటికొచ్చాడు; ఆమె ఇంటికి తీసుకెళ్తోంది. చలి తగిలితే మళ్ళీ తిరగబెడుతుందని, ఈసారి తట్టుకోలేడని డాక్టరమ్మ గుడ్‌లౌగ్‌ని పక్కకి పిలిచి చెప్పింది.

కొండ కింద ఒక్క పాయింటే పనిచేస్తోంది. తీగ తగిలించి కాసేపైందో లేదో, వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. అందులో చంటిపిల్ల ఏడుస్తోంది. వాళ్ళేమీ అనలేదు. అక్కడ ఎవరూ ఏమీ అనరు. అయినా వెనక మనిషి ఎదురుచూస్తుంటే నిండేదాకా కూర్చోవడం మర్యాద కాదు. మామూలుగా కొండ దాటడానికి ఈ మాత్రం చాలనుకుని గుడ్‌లౌగ్ తీగ తీసేసింది.

తీరా వెళ్ళేసరికి రోడ్డుకి గేటు పడి ఉంది. పైన తుఫాను. ముందు మంచు తోసే లారీ, చివర ఇంకో లారీ, మధ్యలో కార్లన్నీ వరుసగా వెళ్తామంటేనే వదులుతారు. చివరి లారీ నడిపే సివ్ అనే అమ్మాయి ఒక్కో కారు దగ్గరికీ వచ్చి అడుగుతోంది.

"దుప్పట్లున్నాయా? చార్జి సరిపోతుందా? నిదానంగా వెళ్తాం, మధ్యలో ఆగాల్సి రావచ్చు."

చాలదని చెబితే వరుసలోంచి తీసేస్తారు. సరిగ్గా వెనక కారులో బ్యార్నే ఉన్నాడు, కిటికీ దించుకుని మరీ.

"సరిపోతుంది" అంది గుడ్‌లౌగ్.

మొదటి మలుపు తిరగగానే లోకం తెల్లగా మాయమైపోయింది. ముందు కారు ఎర్రదీపాలు తప్ప ఏమీ కనబడదు. గాలి కారుని పట్టుకుని ఊపుతోంది. నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోతున్నారు, మధ్యమధ్య ఆగిపోతున్నారు. ఆగినా హీటరు కరెంటు తాగుతూనే ఉంది. ఎదురుగా చార్జి చూపే అంకె తరిగిపోతోంది. ఆమె హీటరు తగ్గించింది. మరికాస్త తగ్గించింది.

యాల్మర్ దగ్గాడు.

"చలేస్తోందా?"

"లేదులే. నువ్వు రోడ్డు చూడు."

అతని పెదవులు నీలంగా మారుతున్నాయి. హీటరు పూర్తిగా ఆపేస్తే కారు కొండ దిగుతుందేమో. ఆపకపోతే ఇక్కడే చచ్చిపడుతుంది. ఆమె వేలు మీట దాకా వెళ్ళి ఆగింది.

"ఆపెయ్యి" అన్నాడు యాల్మర్. అతనూ అంకె చూస్తూనే ఉన్నాడు. "నేను ఓర్చుకుంటా."

"ఓర్చుకోవడానికి నీ దగ్గర ఏం మిగిలింది?"

"మరేం చేస్తావ్? ఇంతమందిని ఆపుతావా, మన కోసం?"

ఆ మాట ఆమె నోట్లోంచి కూడా వచ్చేదే. అతని నోట వినేసరికి ఒళ్ళు జలదరించింది. హీటరు పూర్తిగా పెంచింది. ఇండికేటర్లన్నీ వేసి, అరచెయ్యి హారన్ మీద పెట్టి తియ్యకుండా నొక్కింది. ముందు కారు అందుకుంది, దాని ముందుది అందుకుంది. కొండ మీద వరుస మొత్తం ఆగిపోయింది.

సివ్ గాలికి వంగి నడుస్తూ వచ్చింది. "కారు పాడైందా?"

"లేదు. చార్జి లేదు. కింద నీకు అబద్ధం చెప్పాను." ఆమెకి ఏడుపొచ్చింది. "ఆయన ఊపిరితిత్తులు బాగాలేవు."

"అది ముందు చెప్పాలి కదమ్మా! దించండి, నా లారీ వెచ్చగా ఉంది."

బ్యార్నే ఎప్పుడొచ్చాడో, తన కోటు విప్పి యాల్మర్ మొహం మీదుగా కప్పేశాడు. "పట్టు, గుడ్‌లౌగ్, కాళ్ళ వైపు పట్టు" అన్నాడు. లారీ దాకా కొద్ది దూరమే. ఆ కొద్ది దూరంలోనే గాలి కోటు కిందికి దూరింది.

కారుని పక్కకి నెట్టి వదిలేశారు. వరుస మళ్ళీ కదిలింది. లారీలో గుడ్‌లౌగ్ అతని చొక్కా లోపల, రొమ్ము మీద చెయ్యి పెట్టి కూర్చుంది. అతను దగ్గినప్పుడల్లా భయపడింది. దగ్గు ఆగినప్పుడు, ఊపిరి మళ్ళీ చేతికి తగిలేదాకా, ఇంకా భయపడింది.