మొక్కుకు మూడు కత్తెర్లు

నా తల మీద జుట్టు మొలిచిందని మొదట కనిపెట్టింది అమ్మే. టీ గ్లాసు చేతికిస్తూ ఆగిపోయింది. "ఒరే, కదలకురా" అంది. బల్లి పడిందేమో అనుకున్నాను.

పేనుకొరుకుడుగా మొదలై, కనుబొమలతో సహా ఊడ్చుకుపోయిన తల నాది. ఒంట్లోని రక్షణ బలగమే జుట్టును శత్రువనుకుని కొడుతుందట. విశాఖలో ఒక ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షిస్తున్నారంటే చేరాను. రోజూ ఒక మాత్ర. అది అసలు మందో, ఉత్త పిండి బిళ్ళో నాకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవాళ్ళం. జుట్టు ఎంతొచ్చిందో కొలిచే రోజున ఫొటోలో జుట్టు కనిపించకపోతే మందు ఆపేస్తారు. అందాకా కత్తెర తగలకూడదని మరీ మరీ చెప్పారు.

అమ్మేమో జుట్టొస్తే తలనీలాలు ఇప్పిస్తానని అరసవల్లి దేవుడికి ఎప్పుడో మొక్కేసింది. కొలతకు ముందురోజు పొద్దున్నే తయారైపోయింది.

"వచ్చినాది కదా, ఇచ్చేద్దాం పద."

"రేపు ఫొటో అమ్మా. గుండుతో వెళ్తే మందు ఆపేస్తారు."

"ఇవ్వకపోతే జుట్టు ఆయనే ఆపేస్తాడు. అప్పుడేటి సేస్తావు?"

ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితాల్లో దీనికి జవాబు లేదు. నవ్వేద్దామనుకున్నాను గానీ ఆమె అప్పటికే చెప్పులేసుకుని ఆటో ఆపేసింది. ఆటో ఎక్కాను.

కేశఖండనశాలలో క్షురకుడు నా తల తడిపి, తేరిపార చూశాడు. "నిన్ననే తీయించినట్టున్నారు. మళ్ళీ ఏటమ్మా?"

"అదే శానా ఎక్కువ నాయనా."

బ్లేడు బిగించిన చప్పుడు వినిపించింది. నుదుటికి చల్లగా తగిలింది. "అమ్మా" అన్నాను, అంతే.

"ఆగు నాయనా!" అమ్మ ఆయన మణికట్టు పట్టేసుకుంది. గుడి వైపు తిరిగి దండం పెట్టింది. "ఆడపిల్లలకి మూడు కత్తెర్లు సాలవా? ఈడికీ అంతే. మిగతాది పరీక్షయ్యాక."

"ఈడు మగోడు కదమ్మా!"

"దేవుడికి నేను సెప్పుకుంటాను. నువ్వు కత్తిరించు."

తల వెనక పట్టు దొరక్క కత్తెర జారిపోతూ వచ్చింది. చివరికి రాలినదాన్ని అమ్మ కళ్ళకద్దుకుంది. నాకైతే కనిపించనే లేదు.

మర్నాడు డాక్టరు భూతద్దం సరిగ్గా అక్కడే ఆగింది. "ఇక్కడేమైంది?"

మొక్కు సంగతి చెప్పాను. రాస్తున్న పెన్ను ఆగింది. భూతద్దం తల మీద మిగతాచోట్లకి కదిలింది.

"మిగతాచోట కొలతకు సరిపోతుంది" అన్నాడు చివరికి. "ఇంక కత్తెర ముట్టుకోవద్దు."

కొత్త మాత్రల డబ్బా తీసుకుని, బయట కాచుకున్న అమ్మతో కలిసి ఇంటికి ఆమదాలవలస వైపు రైలెక్కాను.

"ఏటన్నారు?"

"దేవుణ్ణి కాస్త ఆగమన్నారు."

అమ్మ నా తల నిమరబోయింది. రాలిపోతుందేమోనని చెయ్యి మధ్యలోనే ఆపేసుకుంది.