తాడు చుట్టని చేయి

శామీర్‌పేట చెరువులో పాతికేళ్లు వల లాగిన లింగస్వామికి ఒక మొండి అలవాటు ఉండేది. తాడు అందితే చాలు, మణికట్టుకు రెండు చుట్లు చుట్టేసేవాడు. తడి తాడు జారకుండా అక్కడి జాలర్లు చేసే పనే అది. చేపల దగ్గర దానికి తిరుగులేదు.

2011 చలికాలంలో చెరువు పక్క మైదానంలో వేడిగాలి బెలూన్లు ఎగరేసేవాళ్లు దిగారు. బెలూన్ లేచేదాకా తాళ్లు పట్టి ఆపడానికి జాలర్లను పెట్టుకున్నారు. నడిపే మనిషి మొదటి రోజే చెప్పాడు: తాడు చేతికి చుట్టొద్దు, మడమలు నేల విడిస్తే అందరూ ఒక్కసారే వదిలేయాలి. లింగస్వామి తలైతే ఊపాడు గానీ చేయి వింటేనా? వారం తిరక్కుండానే పెద్ద గాలి వీచింది. అందరూ వదిలారు. ఈయన తాడుతోపాటు లేచి, చుట్టు ఊడి, నిలువెత్తు నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

రెండు నెలలు భార్య సుశీల అన్నం కలిపి నోట్లో పెట్టింది, ముద్దకో తిట్టుతో సహా. ఆ తిట్లలో ఎంత ప్రేముందో వాడకట్టంతటికీ తెలుసు.

మరుసటి చలికాలం పనిలోకి వచ్చిన లింగస్వామిని భరించడం కష్టమైంది. బెలూన్ లేచే ముందు ప్రతివాడి చేయీ తిప్పి చూసేవాడు. గాజులకు కొలత తీస్తున్నావా అని తోటివాళ్లు ఆటపట్టించినా నవ్వేవాడు కాదు.

ఆఖరి రోజున పనివాళ్ల ఇంటివాళ్లను ఎక్కించారు. సుశీల కొంగు బిగించి బుట్టలో నిలబడింది. ఇంకా అంతా సిద్ధం కాకముందే చెరువు మీది నుంచి గాలి విసురుగా వచ్చింది. లింగస్వామి మడమలు లేచాయి. వదలమని పైనుంచి కేక వినిపించింది. తాడుకు ఆ కొసన భార్య ఉంది. గట్టిగా పట్టుకుంటే ఆగుతుందేమోనని ఆశ. ఆగదని ఆ విరిగిన చేతికే తెలుసు. వదిలేశాడు.

పావుగంటకు బెలూన్ అవతల కోసిన మక్కచేలో మెల్లగా దిగింది. లింగస్వామి రొప్పుతూ చేరేసరికి సుశీల గట్టు మీద కూర్చుని చీరకంటిన దుమ్ము దులుపుకుంటోంది.

"నిన్ను ఇడిసిపెట్టిన గదనే," అన్నాడు, ముఖం చూడలేక.

ఆమె ఆయన కుడి చేయి లాక్కుని, వంకర తిరిగిన మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. తాడు ముద్ర లేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆమెకు వచ్చేసింది.

"పైకెళ్లి నీ చెయ్యే సూస్తున్న," అంది. "నువ్వు ఇడిసినంకనే నా పానం నిమ్మళమైంది."