వ్యాను బయటి ప్లగ్గు

లొరెయిన్ బుద్ధెరిగాక ఎవరినీ ఫలానాది కావాలని అడిగిన మనిషి కాదు. ఛార్టర్స్ టవర్స్ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో ఆవిరికి ఉడికిపోతూ పనిచేసినన్నాళ్ళూ సెలవు కూడా అడగలేదు, వాళ్ళుగా ఇస్తే తీసుకుంది. ఆమెకు దొరికిన మొగుడు రెజ్ ఆమెను మించినవాడు. తను అడగడు సరే, ఎవరైనా అడిగితే ఇవ్వడు కూడా. క్వీన్స్‌లాండ్ లోపలి దారుల్లో వ్యానే ఇల్లుగా తిరిగే మా అందరిలో అతనికి ‘లాకరు’ అని పేరు. ఆ పేరు పెట్టింది సాల్.

రెజ్ బతుకంతా మాంసం కొట్టు నడిపాడు. మోకాళ్ళు అరిగిపోయి కొట్టు మూసేశాక, బ్రెడ్డు చేరవేసే పాత వ్యానొకటి కొని అందులో మంచం, పొయ్యి, ఫ్రిజ్జు తనే అమర్చుకున్నాడు. మాంసం కొట్టిన చేతులకు కరెంటు పనేం తెలుసని ఊళ్ళో నలుగురూ నవ్వారు. అంతే, పంతం పట్టాడు. ఒక స్నేహితుడి వ్యానులో ఉన్నవి చూసి, బల్ల మీద వైర్లు పరుచుకుని, తిట్టుకుంటూ నేర్చుకున్నాడు. మొండిఘటం! ఒక మనిషి చేత చెప్పించుకుంటే ఒట్టు.

మొగుడూ పెళ్ళాలకు మొదటి తగువు సాకెట్ల దగ్గరే వచ్చింది. కార్లలో సిగరెట్టు అంటించుకోవడానికి ఉండే గుండ్రటి సాకెట్లు పెట్టేస్తే ఏ వస్తువైనా పడుతుంది కదా, చవక కదా అని లొరెయిన్ వాదన. రెజ్ ఒప్పుకోలేదు. మన మట్టిరోడ్ల మీద గంట నడిస్తే పళ్ళే కదిలిపోతాయి, ఆ ప్లగ్గు ఉంటుందా అన్నాడు. ఊడిందని కూడా తెలియదు, సాయంత్రం ఫ్రిజ్జు తలుపు తీస్తే వేడిగాలి కొడుతుంది. లొరెయిన్ పూటపూటా పొట్టలో పొడుచుకునే ఇన్సులిన్ ఉండేది ఆ ఫ్రిజ్జులోనే.

“గుండ్రటివి నీ ఫోనుకు పెట్టుకో, నీ రేడియోకు పెట్టుకో. ఫ్రిజ్జుకు మాత్రం వద్దు. నీ మందు అందులో ఉంటుంది,” అన్నాడు. ఆ మాటతో తగువు తీరిపోయింది.

ఫ్రిజ్జుకీ, సోలార్ పలకకీ అతను ఎంచుకున్నవి బూడిదరంగు దిట్టమైన ప్లగ్గులు. మా దగ్గర ప్రతి వ్యానుకూ అవే. వాటిలో దూరేదీ దూర్చుకునేదీ అని రెండు రకాలుండవు, రెండు ముక్కలూ ఒకేలా ఉంటాయి. ఎదురెదురుగా పెట్టి నెట్టితే టప్పున కరుచుకుంటాయి, లాగితే తప్ప రావు. లోపల రెండు గదులు, ఒకదాంట్లో ఎర్ర వైరు, రెండోదాంట్లో నల్ల వైరు. దేశమంతా ఎర్రదానిది ఒకటే గది కాబట్టి ఎవరి పలకైనా ఎవరి వ్యానుకైనా తగిలించుకోవచ్చు. మబ్బు పట్టినప్పుడు ఎక్కువున్నవాళ్ళు లేనివాళ్ళకు ఓ పూట పలక ఇస్తారు. పక్కింట్లో ఉప్పు అడిగినంత మామూలు.

ఆ మామూలు విషయమే రెజ్ దగ్గర చెల్లలేదు. వింటన్ దాటాక ఒక ఏటి ఒడ్డున అందరం ఆగినప్పటి సంగతి. సాల్ అంటే సాల్వటోరే, ఇంగమ్‌లో చెరకు పండించి కొడుకులకు అప్పజెప్పి వచ్చినవాడు. అప్పటికి అతని భార్య పీనా బతికే ఉంది. వాళ్ళ పలక ఈదురుగాలికి పడి పగిలింది. ఫ్రిజ్జు నిండా సాల్ పట్టిన చేపలు, ఆ పూట అందరికీ వండిపెడతానని పీనా అప్పటికే చెప్పేసింది. సాల్ వచ్చి మధ్యాహ్నం దాకా పలక ఇమ్మని రెజ్‌ను అడిగాడు. రెజ్ వాడుకోవడం కూడా లేదు, పలక కుర్చీకి ఆనించి ఉంది.

“ఇవ్వను,” అన్నాడు రెజ్. ఎందుకో చెప్పలేదు. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

లొరెయిన్‌కు తల కొట్టేసినట్టయింది. సాల్ కాసేపు అక్కడే నిలబడి, ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషిని ఇవాళ కళ్ళారా చూశానని అందరికీ వినబడేలా అని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి రెజ్ లాకరయ్యాడు. మంట చుట్టూ కుర్చీలు వేసుకునేటప్పుడు ఆ మొగుడూ పెళ్ళాలను ఎవరూ పిలిచేవారు కాదు. ఎందుకలా చేశావని లొరెయిన్ చాలాసార్లు అడిగింది. మన వస్తువు మనది అనేవాడు తప్ప ఇంకో మాట లేదు. అంత మంచి మనిషి, జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదుటి మీద గుడ్డలు మార్చే మనిషి, ఆ ఒక్క దగ్గర ఎందుకంత రాయి అయిపోతాడో ఆమెకు అర్థమయ్యేది కాదు. అతని తరఫున సిగ్గు మోయడం అలవాటు చేసుకుంది.

రెజ్‌కు ఊపిరితిత్తుల్లో రాచపుండు తేలింది. టౌన్స్‌విల్ ఆసుపత్రి వెనక, వ్యాన్లు ఆపుకోనిచ్చే ఖాళీ జాగాలో ఉండి మందు ఎక్కించుకునేవాడు. చివరికి అక్కడే పోయాడు. అంత్యక్రియలయ్యాక లొరెయిన్ చెల్లెలు గ్లెనిస్ వ్యాను అమ్మేసి తన దగ్గరకొచ్చి ఉండమంది. ప్రేమతోనే అంది. కానీ గ్లెనిస్ ఇంట్లో ఆ వెనక గదిలో కూర్చుంటే రెజ్ నిజంగా పోయినట్టు అనిపిస్తుందని లొరెయిన్ భయం. ఈ చలికాలం ఒక్కదాన్నే తిరిగి చూస్తాను, నావల్ల కాకపోతే నేనే వ్యాను తెచ్చి నీ వాకిట్లో పెడతాను అని మాటిచ్చి బయలుదేరింది.

రోజూ ఎంతో కొంత నడుపుతూ ఉండటంతో ఇంజనే బ్యాటరీని నింపేది. పలక బయటికి తీయాల్సిన పనే పడలేదు. బౌలియా దారిలో ఒక మడుగు ఒడ్డున ఆగినప్పుడు ఎగువన వానలు కురిసి, ముందూ వెనకా వాగులు పొంగి, దారి మూసేశారు. నల్లమట్టి తడిస్తే మా దగ్గర ఎవరూ కదలరు. వాన వెళ్ళిపోయి ఎండ విరగ్గాసింది, కాలం కాని కాలంలో ఉక్క. ఇంజను ఊరికే తిప్పుదామంటే డీజిలు ఊరు చేరడానికి సరిపోయేంతే ఉంది. మడుగుకు అవతలి పక్క ఇంకొక్క వ్యానే ఉంది. దాని మీద ఇంగమ్ చెరకు రైతుల జెండా చూసి ఎవరిదో పోల్చుకుంది. సాల్. అతనూ ఇప్పుడు ఒంటరే, పీనా పోయి రెండు చలికాలాలైంది.

పొద్దున్నే లొరెయిన్ రెజ్ పలక బయటికి తీసి ఎండకు పెట్టి, దాని తీగ చివరి ప్లగ్గును వ్యాను పక్కనున్న ప్లగ్గుకు నెట్టింది. టప్పున పడింది. వెంటనే పలక వెనక కరెంటును అదుపుచేసే చిన్న పెట్టె నుంచి చిటపట, ఆపైన పొగ, కాలిన వాసన. లాగేసింది కానీ అప్పటికే లోపల ఫ్రిజ్జు ఆగిపోయింది.

ఆమె మందు సీసాలు తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టింది. గుడ్డ ఆరిపోతే మళ్ళీ తడిపింది. మధ్యాహ్నానికి వ్యాను రేకు ముట్టుకుంటే కాలుతోంది. ఇక ఆ మందు ఎంతసేపు పనికొస్తుందో ఆమెకు తెలుసు. అది పోతే తన ప్రాణానికే ముప్పని తెలుసు, పోకపోయినా ఇది విన్నాక గ్లెనిస్ ఏమంటుందో తెలుసు. ఇవన్నీ తెలిసి కూడా మడుగు చుట్టూ నడిచి అవతలికి వెళ్ళడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? తడిపిన గుడ్డ ఆఖరిసారి చేతిలోనే వేడెక్కాక, మందు సీసాలు పట్టుకుని లేచి నడిచింది.

సాల్ నీడలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఆమె జరిగింది చెప్పి, అతి కష్టం మీద ఆ మాట అనేసింది.

“నీ పలక ఓ పూట ఇస్తావా, సాల్?”

అతను తలెత్తి చూశాడు. “లాకరు తాళం ఇన్నేళ్ళకు తెరుచుకుందన్నమాట,” అన్నాడు. అన్నాక ఆమె మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. మందు సీసాలు ముందు నా ఫ్రిజ్జులో పెట్టు, మిగతాది తర్వాత అని, కత్తి పక్కన పడేసి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఆమె వెంట వచ్చాడు.

మాడిన ఫ్యూజు మార్చాడు, కానీ బ్యాటరీ దాదాపు ఖాళీ కావడంతో ఫ్రిజ్జు తిరగలేదు. తర్వాత రెజ్ పలక తీగ చివర పట్టుకుని ప్లగ్గు వెనకవైపు చూసి, నొసలు ముడిచాడు. వ్యానులోకి వెళ్ళి ఫ్రిజ్జు వెనక ప్లగ్గు చూశాడు. మంచం కింద దీపాలది చూశాడు. ఎర్ర వైరు ఉండాల్సిన చోట అన్నిట్లో నల్లది ఉందన్నాడు. నేర్చుకునేటప్పుడు ఎవరిదో ప్లగ్గు ముందునుంచి చూసి, తనది వెనకనుంచి పట్టుకుని బిగించి ఉంటాడు, అద్దంలో చూసి రాసినట్టు తిరగబడింది. రెండు వైపులా తనవే తప్పుగా ఉండటంతో ఒకదానికొకటి సరిపోయి, వ్యాను ఇన్నేళ్ళూ హాయిగా నడిచింది. బయటివాళ్ళది తగిలితేనే చిక్కు.

“నాకప్పుడు పలక ఇచ్చి ఉంటే నా వ్యానులో సామానంతా తగలబడేది,” అన్నాడు సాల్ మెల్లగా.

లొరెయిన్ మెట్టు మీద కూర్చుండిపోయింది. రెజ్‌కు తెలుసు! తెలిసే ఇవ్వలేదు. తప్పు బిగించానని ఒక్క మాట చెబితే అయిపోయేదానికి, మాంసం కొట్టువాడికి ఇదేం తెలుసని మళ్ళీ నవ్వుతారని నోరు మూసుకుని, పీనాసి అనిపించుకున్నాడు. తనచేత కూడా అనిపించుకున్నాడు. ఆమెకు అతని మీద ఒళ్ళు మండిపోయింది. నీ పంతం పాడుగాను అని చనిపోయిన మనిషిని పైకే తిట్టింది.

సాల్ వ్యాను బయటి ప్లగ్గు దగ్గర వంగి ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఇదొక్కటి సరిగ్గా ఉంది, ఇవాళ కొంప ముంచింది ఇదే అన్నాడు. వ్యాను వైపుది మార్చి, పలక వైపుది మార్చకుండా వదిలేశాడు, అందుకే కాలింది. ప్లగ్గు కొత్తది, వైరు చివర నొక్కిన తీరు మాత్రం బలం చాలని చేతిలా ఉంది, ఒకటికి రెండుసార్లు నొక్కినట్టుంది, ఎవరిచేతైనా చేయించాడా అని అడిగాడు.

లొరెయిన్ తన చేతుల వంక చూసుకుంది. ఆ చెయ్యి తనదే.

ఆసుపత్రి వెనక జాగాలో, ఇంకా బతికుండగా ఒక సాయంత్రం, రెజ్ వ్యాను పక్కన చిన్న పీట వేసుకుని కూర్చున్నాడు. వైరు నొక్కే పెద్ద పట్కారు అతని చేతుల్లో వణికి పిడి దగ్గరకు రాలేదు. ఆమెను పిలిచి పట్టుకోమన్నాడు. ఈ ఒంటితో ఇప్పుడీ పనేంటని ఆమె విసుక్కుంది. “ఇంకొంచెం నొక్కు, లొరీ,” అన్నాడు. ఆమె నొక్కింది. సరిపోలేదన్నాడు, మళ్ళీ నొక్కింది. చెమట తుడుచుకుని, రేపు పలకది మారుద్దాం అన్నాడు. మర్నాడు లోపల చేర్చుకున్నారు, తిరిగి రాలేదు.

“నేనే నొక్కాను, సాల్. ఎందుకో నాకు చెప్పలేదు,” అంది.

సాల్ మడుగు అవతలికి వెళ్ళాడు. తన పలక తెచ్చి ఎండకు తిప్పి పెట్టి, తీగ ఆమె చేతికిచ్చాడు. “లోపలివి ఎలా ఉన్నా నీ బండి నడుస్తుంది. ఇది బయటివాళ్ళు తగిలించేది. ముందు ఇదే ఎందుకు మార్చాడో ఇంకా అర్థం కాలేదా? నువ్వు నెట్టు.”

ఆమె నెట్టింది. పొగ రాలేదు. లోపల ఫ్రిజ్జు సన్నగా మూలిగి తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు లొరెయిన్ వ్యాను రేకుకు నుదురు ఆనించి ఏడ్చింది. రెజ్ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. బతికినన్నాళ్ళూ ఎవరి గడపా తొక్కని మనిషి, తను లేకపోతే పెళ్ళాం ఎవరినో ఒకరిని అడగాల్సి వస్తుందని, అడిగితే వాళ్ళిచ్చింది పనిచేయాలని, ఊపిరి అందని ఒంటితో పీట మీద కూర్చున్నాడు.

దారి తెరిచేదాకా సాల్ పట్కారు ఆమె దగ్గరే ఉంది. ఒక్కో ప్లగ్గూ విప్పి, ఎర్ర వైరు దాని గదిలో పెట్టి, తనే బిగించుకుంది. చేసి పెడతానన్న సాల్‌ను దగ్గరకు రానివ్వలేదు. పక్కన కూర్చుని చూడు చాలు అంది. పలక వెనక మాడిపోయిన పెట్టె బదులు సాల్ తన దగ్గరున్న పాతది ఇచ్చాడు, మారు మాట్లాడకుండా తీసుకుంది. అన్నిటికంటే చివర పలక తీగకు కొత్త ప్లగ్గు వేసి నొక్కింది. ఇంకొంచెం అని తనకు తనే చెప్పుకుని మళ్ళీ నొక్కింది.

మర్నాడు పొద్దున ఆ పలక ఎత్తుకుని మడుగు చుట్టూ నడిచి వెళ్ళింది. సాల్ కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ, ఇదెందుకు, నా బ్యాటరీ నిండుగానే ఉంది అన్నాడు.

“అప్పుడు నువ్వు అడిగావుగా,” అంది లొరెయిన్. “రెజ్ పంపించాడు.”

సాల్ పొయ్యి ఆపి వచ్చి రెండు చేతులా అందుకున్నాడు. తన పలక తీగ ఊడదీసి, రెజ్ పలక తీగ వ్యానుకు తగిలించాడు. ఆ పూటంతా అతని కరెంటు దాన్నుంచే వచ్చింది. ఇద్దరూ అక్కడే కూర్చుని కాఫీ తాగారు.