దొరసాని బల్ల మీద ఖాళీ కంచం

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైను చివరి బంగళాలో, ఒక క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మమ్మల్ని భోజనానికి కూర్చోబెట్టారు. బల్లగుడ్డ కింద వరిగడ్డి పరిచి ఉంది. ఎర్రటి బీట్‌రూట్ చారు, ఉడికించిన చేప... కేకు లేదు, బిర్యానీ ఊసే లేదు. మేమూ క్రైస్తవులమే, కానీ ఇదెక్కడి క్రిస్మసో నాకు అంతుబట్టలేదు.

ఆ బంగళాలో ఉండేది పోలండ్ నుంచి వచ్చిన దంపతులు. గనిలో కొత్త యంత్రం బిగించడానికి ఆయన వచ్చాడు. ఆమెను మా లైనంతా దొరసాని అని పిలిచేది. ఆమెకు మా మాట రాదు, అమ్మకు ఆమె మాట రాదు. అయినా ఇద్దరూ గోడ దగ్గర నిలబడి, కూరల సంగతి నుంచి అత్తగారి సంగతి దాకా చేతులతోనే మాట్లాడుకునేవారు. ఎవరికి ఎంత అర్థమయ్యేదో ఆ ప్రభువుకే తెలియాలి.

ఆ రోజు మా బాపు, అంటే నాన్న, అదే బొగ్గు గనిలో మొదటి షిఫ్టుకు పోయాడు. మధ్యాహ్నం దాటాక రావలసినవాడు పొద్దుగూకుతున్నా రాలేదు. అమ్మ ఆయన కంచంలో అన్నం పెట్టి, మీద మూత పెట్టి, వాకిట్లోనే నిలబడింది. మా లైనులో ఏ ఇంట్లోనైనా అంతే... మూత పెట్టిన కంచం ఉందంటే, ఆ ఇంటి మనిషి ఇంకా భూమి కింద ఉన్నాడని అర్థం.

అంతలో దొరసాని వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. పండగ పూట కాదనలేక, అమ్మ ఇంటికి తాళం వేసి, పండగకు చేసిన గరిజెల (కజ్జికాయల) డబ్బాతో ఆమె వెంట నడిచింది. వెనకే నేను.

బల్ల దగ్గర నలుగురం కూర్చున్నాం. కంచాలు మాత్రం ఐదు.

ఆ ఐదో కంచం దగ్గరే అమ్మ చూపు ఆగిపోయింది. ఇంటాయన ఎదురుగానే ఉన్నాడు, పిల్లలు లేరు. మరి ఇది ఎవరిది... ఆయన పనిచేసేది బాపు దిగే గనిలోనే కదా. అమ్మ నా వైపు వంగింది. నా చెవిలో మెల్లగా అంది.

"ఏందో తెలిసే మనల్ని పిలిచిండ్రు బిడ్డా. మీ బాపు సంగతే."

"గనిల ఏమన్నయితే సైరన్ మోగుతది, అది మోగలే కదనే అమ్మా..."

"ఊకో. మనకెట్ల చెప్పాల్నో తెల్వక చూస్తున్నరు."

అప్పుడే దొరసాని అప్పడం కంటే పలచటి తెల్ల రొట్టె తెచ్చి, విరిచి మాకు ఇచ్చింది. మా చర్చిలో ప్రభువు బల్ల నాడు ఇచ్చే రొట్టె లాంటిదే. పాస్టరు అయ్యగారు లేకుండా ఇంట్లో రొట్టె విరవడమేమిటో నాకు తెలియలేదు. పైగా ఆమె అమ్మను కావలించుకుని మెల్లగా ఏదో చెప్పింది. ఓదారుస్తోందనే అమ్మ ఖాయం చేసుకుంది.

"సార్... గీ కంచం ఎవలది? మా ఆయన ఏడున్నడు?" అని కంచాన్ని చూపిస్తూ అడిగింది.

ఆయన నవ్వుమొహంతో కిటికీలోంచి ఆకాశం వైపు వేలు చూపించాడు.

అంతే, అమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. ఆమెను చూసి నేనూ అందుకున్నాను. దొరసాని బిత్తరపోయి ఒకసారి భర్తను చూసింది, ఒకసారి చేపను చూసింది. వంట బాగాలేదనుకుందేమో పాపం... గబగబా మా కంచాల్లోంచి చేప తీసేసింది. చావు కబురు గనకే నీచు తీసేసిందనుకుని అమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. బాపు... బొగ్గు మొహంలో కళ్లు మాత్రమే తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఇంటికి తాళమేసి ఈడ గూసున్నరా? నా జాగల రావాల్సినోడు పండుగకు పోయిండట. ఇంకొకడు దొరికేదాంక నన్నే ఉండమన్నరు."

"జర కబురన్న పంపద్దా..." అని కొంగుతో మొహం తుడుచుకుంటూ అమ్మ తిట్లు మొదలుపెట్టింది. దొరసాని మాత్రం బాపును చెయ్యి పట్టి తెచ్చి, ఆ బొగ్గు బట్టలతోనే ఐదో కంచం ముందు కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆమె ఏడుస్తోంది. ఎందుకో మాకెవరికీ తెలియదు.

తర్వాత బాపు గనిలో ఇంగ్లీషు వచ్చినవాళ్లను పట్టుకుని కనుక్కున్నాడు. వాళ్ల దేశంలో క్రిస్మస్ ముందురోజు, ఆకాశంలో మొదటి చుక్క పొడిచాకే తింటారట. ఆయన చూపించింది ఆ చుక్కనే. బల్లగుడ్డ కింది గడ్డి ప్రభువు పుట్టిన పశువుల తొట్టికి గుర్తట, రొట్టె విరిచి కావలించుకునేది ఒకరికొకరు మంచి కోరుకోవడానికట. అనుకోకుండా ఎవరైనా వస్తే ఉంటుందని ఒక కంచం ఎక్కువ పెడతారట. ఏటా పెట్టడమే కానీ, దాని ముందు ఎవరూ వచ్చి కూర్చున్నది లేదట. దేశం కాని దేశంలో మా బాపే మొదటివాడు.

ఇప్పుడు ఆ దొరసాని ఎక్కడుందో తెలియదు. మేము అపార్ట్‌మెంటుకు మారాం. ఫోన్ చేయకుండా ఎవరూ ఎవరి తలుపూ తట్టడం లేదు. బాపు పోయి కొన్నేళ్లయింది... ఇక్కడి సమాధుల తోటలోనే ఉన్నాడు.

అమ్మ మాత్రం క్రిస్మస్ ముందురోజు ఒక కంచం ఎక్కువ పెడుతుంది. ఆ కంచాన్ని చూసి అంత ఏడ్చిన మనిషే.

"ఎవలకే అమ్మా?" అని అడిగితే, "వచ్చెటోళ్లకు" అంటుంది. పక్క ఫ్లాటు వాళ్లకేమో అనుకుంటాను... కానీ అన్నం పెట్టి, దాని మీద మూత పెడుతుంది.

మీ ఇంట్లోనూ పిలవకుండా వచ్చి పండగ చేసి పోయిన మనిషి ఉంటే ఇక్కడ రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.