కుడివైపు అరిగే టైరు

ఈ ఏడు దసరా దగ్గరికొస్తుండగా మా అబ్బాయి ఇంట్లోని పాత మోటారు సైకిలును ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోయి, మధ్యాహ్నానికి ముఖం వేలాడేసుకొని తిరిగొచ్చాడు. భూపాలపల్లిలో వాడి క్వార్టరు వరండాలో కూర్చొని నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. బ్రేకు తొక్కితే వెనక ఎర్రదీపం వెలగలేదట, హారన్ మూలుగుతోందట, చైను వదులైందట, ఎడమ అద్దం లేనే లేదట, హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యలో ఎక్కడో పట్టేస్తోందట. ఇవన్నీ బాగుచేయించుకొని మళ్లీ రమ్మన్నారని చెప్పి, తనను తాను ఓదార్చుకుంటున్నట్టుగా, టైర్లు మాత్రం బాగున్నాయన్నారమ్మా, వెనక టైరు రెండు పక్కలా సమంగా అరిగిందట అన్నాడు. ముసలి బండికి ఆ మాత్రం మెప్పు దొరకడం గొప్పే. కానీ ఆ మాటకు నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ బండి మా ఆయనది. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆయన కేసముద్రంలో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉన్న కాలంలో, నేను అక్కడికి చాలా దూరంలో, తండాల మధ్య ఉన్న ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పనిచేసేదాన్ని. బస్సు రాని ఊళ్లు అవి. నాకు ముందు అక్కడ పనిచేసినామె నడవలేక నడవలేక బదిలీ చేయించుకొని వెళ్లిపోయింది. నాకు ఆ బాధ లేకుండా చేసింది ఈ బండే. పొద్దున్నే మంచుగడ్డల మధ్య టీకామందులు సర్దిన నీలం డబ్బాను ఒళ్లో పెట్టుకొని, భుజానికి సంచి తగిలించుకొని, చీరకుచ్చిళ్లు సవరించుకొని, నేను ఎడమవైపుకు రెండు కాళ్లూ వేసి ఆయన వెనక కూర్చునేదాన్ని, నన్ను అక్కడ దింపి ఆయన తన పనికి పోయేవాడు. మా ఈడు ఆడవాళ్లం అందరం అట్లాగే కూర్చున్నాం కదా, బండికి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవడమంటే అప్పట్లో పెద్ద కథ. మా బండి చప్పుడు తండా పిల్లలకు ఎంత బాగా తెలుసంటే, అది వాగు దాటకముందే సూదుల బండి వస్తోందని అరుచుకుంటూ పత్తిచేలలోకి పరుగెత్తి దాక్కునేవాళ్లు. వాళ్లను వెతికి పట్టుకొచ్చి ఒళ్లో కూర్చోబెట్టే అవ్వలు నవ్వుతూ నాకు మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. ఇప్పటికీ కలలో అప్పుడప్పుడు ఆ డబ్బా మూత తెరుచుకుంటుంది.

దసరాకు మేము జనగామలో మా బావగారింటికి చేరేవాళ్లం. బావగారంటే మా ఆయనకు అన్న, బస్సుల షెడ్డులో మెకానిక్కు. సద్దుల బతుకమ్మకు దేవరుప్పులలోని మా పుట్టింట్లో ఆడి పాడి, ఆ వెంటనే జనగామ వచ్చేసేవాళ్లం. పండుగనాడు బండ్లు కడిగి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించడం ఇంటింటా ఉన్నదే. మా బావగారింట్లో మాత్రం పరీక్ష నెగ్గని బండికి బొట్టు లేదు. వాకిట్లో బండ్లన్నీ వరుసగా నిలబెట్టించి, తాను స్నానం చేసి కొత్త పంచె కట్టుకొని, ఒక స్టీలు చెంచా పట్టుకొని బయటికొచ్చేవారు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, అట్లా చక్రానికున్న పుల్లలన్నిటినీ ఆ చెంచాతో ఒక్కొక్కటిగా మోగించేవారు. మంద్రంగా పలికిన పుల్ల వదులన్నమాట. ముందు చక్రాన్ని పైకెత్తి ఊపడం, కళ్లు మూసుకొని హ్యాండిల్ మెల్లగా తిప్పడం, చైనును వేలితో కిందికీ పైకీ ఆడించడం, ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు దీపం చూడమనడం, ఇదంతా అయ్యేసరికి వంటింట్లో మా తోడికోడలు నూనె మూకుడు దించేసి విసుక్కునేది. పక్కింటి ముస్లిం పెద్దాయన కూడా తన మోపెడ్ తెచ్చి వరుస చివర నిలబెట్టి, "బొట్టు వద్దు గని భాయ్, జర బ్రేకులు చూడు" అనేవాడు. మా బావగారికి ఒక మాట ఊతపదం. "బండి ఒక్కపారే ఆగదు, చెప్పి చెప్పి ఆగుతది. వినెటోడుండాలె" అనేవారు.

ఒక ఏడు ఆ పరీక్షలో మా బండి తప్పింది. చెంచా, చైను, హ్యాండిల్ అన్నీ అయ్యాక బావగారు వెనక చక్రం దగ్గర గొంతుకూర్చొని చాలాసేపు లేవలేదు. టైరు కుడివైపు మాత్రమే అరిగి నున్నగా అయిపోయింది, ఒకచోట లోపలి దారాలు కూడా కనిపిస్తున్నాయి, ఎడమవైపు చూస్తే గాట్లు కొత్తదానికి ఉన్నట్టే ఉన్నాయి. ఆయన లేచి తమ్ముడి ముఖంలోకి చూసి, "యాడ పడ్డవ్‌రా? నిజం చెప్పు" అన్నారు. ఎక్కడా పడలేదని మా ఆయన అన్నాడు. పడకుంటే టైరు ఇట్లా ఒకపక్కే ఎందుకు అరుగుతుంది, చట్రమే వంగి ఉంటుంది, నా దగ్గర దాస్తున్నావని బావగారి అనుమానం. చట్రం వంగిన బండిని ఎవరేం చేసినా లాభం లేదు, తూకానికి అమ్ముకోవడమే. ఆయన తాళంచెవి తీసుకొని తన జేబులో వేసుకొని, గిసోంటి బండి మీద ఆ పిల్లను ఎక్కించుకపోనియ్య అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం వీధిలోని బండ్లన్నీ దండలు వేసుకొని జమ్మి దగ్గరికి పోతే, మాది ఒక్కటే బోడిగా గోడకు చేరి నిలబడింది. నాకు దుఃఖం, కోపం రెండూ ముంచుకొచ్చాయి. బండి పోతే ఇంకో బండి కొనే తాహతు మాకు లేదు, బండి లేకపోతే ఆ ఉద్యోగం నేను చేయలేను. అంతకంటే ఎక్కువగా, ఎన్నడూ అబద్ధమాడి ఎరగని మనిషిని సొంత అన్న అబద్ధాలకోరును చేసి మాట్లాడితే నాకు ఒళ్లు మండిపోయింది. నేను మాట పడే రకం కాదు. మా ఆయనేమో నోట్లో నాలుక లేని మనిషి. జమ్మి ఆకు చేతిలో పెట్టి ఎప్పటిలాగే అన్న కాళ్లకు మొక్కాడు. ఆ రోజు ఆ ఇంట్లో పండుగ యాటమాంసం ఎవరికీ రుచించలేదు.

తెల్లారి మేము లేచేసరికి బావగారు అప్పటికే వాకిట్లో ఉన్నారు. రెండు చక్రాల పక్కనుంచి నులక తాడు బిగించి పట్టుకొని, ఒంటికన్నుతో చూస్తున్నారు. అటు చూశారు, ఇటు చూశారు. చక్రాలు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. చట్రానికి ఏ వంకరా లేదు. తాళంచెవి తమ్ముడి చేతికిచ్చి రోడ్డు చివరిదాకా నడుపుకొని రమ్మన్నారు. బండి నిటారుగా పోయింది, నిటారుగా వచ్చింది. ఆయన తల గోక్కొని, ఏం తోచిందో ఏమో, నా వైపు తిరిగి, "బిడ్డా, నువ్వు గూడ ఎక్కు. రోజు ఎట్ల పోతవో గట్లనే" అన్నారు. నేను ముఖం ముడుచుకొనే ఎక్కాను. డబ్బాకు బదులు మా తోడికోడలు బియ్యపు గిన్నె నా ఒళ్లో పెట్టింది. రోడ్డు చివరిదాకా పోయి తిరిగొచ్చేసరికి బావగారు గడప మీద కూలబడి నవ్వుతున్నారు. ఆయన అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

సంగతి ఏమిటంటే, నా బరువూ డబ్బా బరువూ అంతా ఎడమవైపే. నేను జారిపోకుండా, ఒళ్లో డబ్బా కదలకుండా మా ఆయన బండిని కొంచెం కుడికి వంచి పట్టి నడుపుతున్నాడు. కూర్చున్న నాకు తెలియదు, నాకెప్పుడూ గద్దె మీద కూర్చున్నట్టే ఉండేది. వెనకనుంచి చూసిన వాళ్లకు తెలుస్తుంది. "బండికేం గాలే, వీడే వంగిండు" అని బావగారు అంటే, మా ఆయన తల వంచుకొని, డబ్బా ఒరిగితే మందులు పాడైతయని, అని నసిగాడు. "మందుల కోసమా, మనిషి కోసమా?" అని అడిగారు అన్నగారు. మా ఆయన గుడ్డ తీసుకొని, శుభ్రంగా ఉన్న పెట్రోలు ట్యాంకును మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

అన్నదమ్ములిద్దరూ కలిసి కొత్త టైరు ఎక్కించాక బండికి ఒకరోజు ఆలస్యంగా బొట్టు పడింది. అప్పటినుంచి ప్రతి దసరాకూ మా బండి పరీక్షలో ఒక పని ఎక్కువ. బావగారు వెనక చక్రం విప్పి, టైరును తిరగేసి, అరిగిన పక్కను ఎడమకు, అరగని పక్కను కుడికి వేసేవారు. ఆ ఏడు ఎంత అరిగిందో చూసి మా తోడికోడలు నన్ను ఆటపట్టించేది. మా సంసారంలో తగాదాలు లేవని కాదు, నా నోటి సంగతి చెప్పనే చెప్పాను, కేసముద్రం నుంచి తండా దాకా ఉలుకూ పలుకూ లేకుండా పోయిన పొద్దులు బోలెడున్నాయి. ఆ పొద్దుల్లో కూడా బండి కుడికే వంగి పోయేదని టైరు చెప్పేది. ఆయన నోటితో నాకు ప్రేమగా ఒక్క మాట చెప్పిన గుర్తు లేదు. నేను అడిగిందీ లేదు, అడగాల్సిన అవసరం నాకు రాలేదు.

ఈ దసరాకు మా అబ్బాయి బాగుచేయించిన బండి మీద జనగామ వచ్చాడు, నేనూ కోడలూ బస్సులో వచ్చాం. బావగారికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. కుర్చీ బండి పక్కకు వేయించుకొని, చెంచాతో పుల్లలు మోగించి విని, తరువాత వెనక టైరు మీద అరచెయ్యి పెట్టి, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నెమ్మదిగా నిమిరారు. కొంచెంసేపు చెయ్యి అక్కడే ఉంచారు. "తిరగేసే పని లేదు బిడ్డా" అని నాతో అన్నారు. బొట్టు ఆయనే పెట్టారు.

మరునాడు అబ్బాయే ముందు కోడలిని బస్టాండులో దింపివచ్చి, తరువాత నన్ను బండి మీద తీసుకెళ్లాడు. మా కోడలు హాయిగా అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటుంది, అదే మంచిదని నేనూ ఒప్పుకుంటాను, పడే భయం తక్కువ, టైరుకూ మేలు. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ ఎడమవైపుకే కూర్చున్నాను. చౌరస్తా కూడా దాటకముందే వాడు వెనక్కి తల తిప్పి, "అమ్మా, జర నడిమికి జరుగు, బండి ఎడమకు గుంజుతున్నది" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, ఉన్నమాటే అన్నాడు. నేను నడిమికి జరిగాను. ఎడమకు గుంజుతుందన్న సంగతి అన్నేళ్లూ నా దాకా రానివ్వకుండా నడిపిన మనిషి గుర్తొచ్చి, ఇక జరగడానికి చోటు లేకపోయినా ఇంకొంచెం జరిగి కూర్చున్నాను.